పదిహేను మాటలు

చిన్నోడా,

ఎట్టుండావు? పోయిన నెల పంపిన మలై కాజాలు అందాయో లేదో ఒక్క ముక్క చెప్పలేదు. ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు, సరే, ఉంటావు. మొన్న సుజాత నోరు జారింది. అమ్మ చెప్పిందే చెప్తోంది, ఎక్కడైనా చూపించాలేమో అన్నావంట. ఆ మాట నాతోనే అంటే కొడతానా? కుక్కర్ గాస్కెట్ మార్చుకోమని నాలుగుసార్లు చెప్పానంటే నువ్వు మార్చుకోలేదని చెప్పాను, మరిచిపోయి కాదు.

కోపమేం లేదులే. ఇక్కడ వానలు, పెన్నాకు నీళ్లు బాగా వచ్చాయి. మూలాపేట అత్త మోకాలి ఆపరేషన్ అయిపోయి కర్ర లేకుండా నడుస్తోంది. కారుకు టైర్లు మార్చావా అని మీ నాయన అడగమన్నాడు, వానల్లో మొగిలి ఘాట్ మంచిది కాదంట.

నీ మాట సంగతి తేల్చుకుందామని పోయినవారం నేనే నరాల డాక్టర్ దగ్గరికి పోయాను, మీ నాయన తోడు. అక్కడ పరీక్ష పెట్టేది డాక్టర్ కాదు, సైకాలజీ చదివిన ఒక అమ్మాయి, మన స్వర్ణ వయసుంటుంది. పదిహేను మాటలు ఒక్కొక్కటే చదివి, గుర్తున్నవి చెప్పమంది, వరస తప్పినా పర్లేదంది. నాకు ఐదు వచ్చాయి. గుండె జారిపోయింది, చిన్నోడు అన్నది నిజమేరా దేవుడా అనుకున్నాను. ఆ అమ్మాయి ఏమీ అనకుండా అవే పదిహేను మళ్లీ చదివింది. ఏడు. మళ్లీ చదివితే తొమ్మిది, తర్వాత పదకొండు, ఐదోసారికి పన్నెండు. అప్పటికి నాకు కిటుకు దొరికింది, గొడుగును తీసుకుపోయి మంచం కింద పెట్టాను, చిలకను కిటికీలో కూర్చోబెట్టాను. (అసలు మాటలు బయట చెప్పొద్దంది, ఇవి వేరేలే.) అంతలో ఇంకో పదిహేను కొత్తవి చదివి బుర్రంతా కలియబెట్టి, ఇప్పుడు ముందువి చెప్పమంది! అరగంట ఆగి మళ్లీ అడిగింది, పది చెప్పాను. రే అని స్విట్జర్లాండ్ ఆయన ఎప్పుడో పెట్టిన పద్ధతంట.

మొదటిసారి తక్కువ వస్తే అంత కంగారు పడక్కర్లేదంట. చదువు, చెవి, భయం, అన్నీ దాని మీద పడతాయి. విన్న కొద్దీ ఎంత ఎక్కుతున్నాం, ఎక్కింది అరగంట నిలుస్తోందా అన్నది ముఖ్యం, అదీ వయసూ చదువూ చూసుకునే లెక్క కడతారంట. నేను ఎనిమిదో తరగతి, ఎక్కాను. మీ నాయన పీయూసీ.

ఆయన్ను ఊరికే కూర్చోబెట్టడం దేనికి, ఆయనకూ పెట్టమ్మా అన్నాను. వేరే మాటలు పెట్టింది. నాలుగు, ఐదు, ఐదు, ఆరు, ఐదు. అరగంట తర్వాత ఒకటి. ఇంకో పరీక్షలో, మరిచిపోయిన మాటకు 'అదొక పక్షి' అని అందిస్తారు. లోపల ఉండి పైకి రానిదైతే దాంతో తట్టుతుందంట. ఆయన కాకి అన్నాడు. వాళ్ల పట్టీలో కాకే లేదు.

ఇంటికొచ్చి నేను వంకాయలు తరుగుతుంటే, "ఆ పిల్ల ఒక్కసారి చదివి అన్నీ ఒప్పజెప్పమంటే ఎవరికొస్తాయే" అన్నాడు. ఒక్కసారంట. కత్తిపీట మీద నా చెయ్యి అట్లే ఆగిపోయింది. అవునులే అన్నాను.

అదే మనిషి 1984 తుపానుకు మిల్లులో ఎన్ని బస్తాలు తడిశాయో, ఏ రైతువి ఎన్నో, ఇప్పుడు లేపి అడిగినా చెప్తాడు. అదెట్లా అని డాక్టర్నే అడిగాను. కొత్త సంగతులను దాచిపెట్టే భాగం మెదడులో వేరే ఉంటుందంట, హిప్పోకాంపస్ అంటారు, అల్జీమర్స్ సాధారణంగా ముందు ఆ పక్కనే పట్టుకుంటుందంట. నాకు అర్థమైంది ఇంతే, గోదాములో పాత సరుకు పదిలంగానే ఉంది, కొత్త బస్తాలు దించే హమాలీయే రావడం లేదు.

జబ్బని ఎవరూ తేల్చలేదు, నువ్వు అక్కడ కూర్చుని టెన్షన్ పడొద్దు. బీ12, థైరాయిడ్‌కు రక్తం ఇచ్చాం, చెవి పరీక్ష ఉంది, ఎమ్మారై గురువారం. మనసులో దిగులున్నా మాటలు నిలవవంట, మిల్లు మానేసిన కాణ్నుంచి ఆయన ఎట్లుంటున్నాడో నీకు తెలుసు కదా. ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. మామూలుగా రెండోసారికి అలవాటు మీద కొన్ని మాటలు ఎక్కువే వస్తాయంట, రాకపోతే అదీ చూసుకోవాల్సిందేనంట.

ఇంకోటి, బుజ్జిదానికి తెలుగు నేర్పు. నవ్వొద్దు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారు వాళ్లు 648 మంది మతిమరుపు రోగులను చూసి 2013లో రాశారంట, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని, చదువు రానివాళ్లలో కూడా. డాక్టర్ చెప్పాడు. మద్రాసు బేరాలతో మీ నాయనకు అరవం బాగా వచ్చు, అది ఏమైనా పనికొస్తుందేమో. నువ్వు చూస్తే ఇంట్లో పిల్లతో అంతా ఇంగ్లీషే. రాత్రిళ్లు నిద్ర కూడా పోవడం లేదంట నువ్వు, సుజాతే చెప్పింది. పదింటికి ఫోన్ పక్కన పెట్టి పడుకోలేవా, నీకు బీపీ వస్తే ఎవరు చూస్తారు.

సుజాతకు ఈ మార్కులు చెప్పలేదు, అది ఏడుస్తుంది. నువ్వు ఫోన్ చేస్తే మాత్రం, నిన్న ఏం తిన్నావు నాయనా, ఈరోజు ఏ వారం అని మళ్లీ పరీక్షలు పెట్టొద్దు. మిల్లు సంగతులు అడుగు, గంట మాట్లాడతాడు.

రమ్మని అనడం లేదు. ఎమ్మారై పొద్దున తొమ్మిదింటికి. మొలగొలుకుల బియ్యం ఒక మూట కట్టి పెట్టాను, దాన్ని బస్సులో వేయడం కుదరదు.

మీ నాయన ఇప్పుడే లోపలికొచ్చి ఎవరికి రాస్తున్నావంటే నీకని చెప్పాను. కారుకు టైర్లు మార్చాడేమో అడుగు, వానల్లో మొగిలి ఘాట్ మంచిది కాదు అన్నాడు. ముందే రాశానని చెప్పలేదు.

మార్చావా?

అమ్మ