పాలు మానిన పందిపిల్లల మరణాలపై పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను చిత్తూరు జిల్లాలో పందుల షెడ్లకు వైద్యం నిమిత్తం తిరిగే పశువైద్యుడిని. నిన్న సాయంత్రం దాణా తొట్టి దగ్గర తోసుకుంటూ తిన్న పిల్ల, తెల్లవారేసరికి పక్కకు పడి, మెడ వెనక్కి విరుచుకుని, నీళ్లలో ఈదుతున్నట్టు కాళ్లు కొట్టుకుంటూ ఉంటుంది. పక్కన మరో రెంటికి కీళ్లు వాచి ఉంటాయి. “ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చింది డాక్టరు గారూ?” అని రైతు అడుగుతాడు. బయటి నుంచి రాలేదంటే నమ్మడు.

ఈ లక్షణాలకు తరచూ కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ సూయిస్ అనే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న పందుల టాన్సిళ్లలోనే కాపురం ఉంటుంది; ఈనేటప్పుడే తల్లి నుంచి పిల్లలకు అంటుతుంది. తల్లిపాల వల్ల అందిన రక్షణ తగ్గే వయసులోనే పాలు మాన్పించి, వేర్వేరు ఈతల పిల్లలను ఒకే గదిలో కలిపి, మూత్రపు ఘాటుకు మన కళ్లే మండే షెడ్డులో కిక్కిరిసి ఉంచినప్పుడు, అంతవరకు ఊరకున్న ఆ క్రిమి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు పొరల్లోకి చేరుతుంది. వైరస్ ఏదైనా ముందే ఊపిరితిత్తులను దెబ్బతీసి ఉంటే దాని పని మరింత సులువు.

వెంటనే పెన్సిలిన్ సూది వేస్తే పిల్ల బతికే అవకాశం ఉంది. అయితే జబ్బుపడ్డ పిల్లకు సూది వేయడం వేరు, మందు దాణాలో కలిపి మందకంతా వారాల తరబడి తినిపించడం వేరు. అలా తినిపిస్తే క్రిములు మందుకు లొంగకుండా పోతాయి. మనుషులకు చివరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను తట్టుకునే శక్తిని బాక్టీరియాకు ఇచ్చే ఎంసీఆర్-1 జన్యువు, చైనాలో పందుల్లోనూ మనుషుల్లోనూ ఉన్న బాక్టీరియాలో కనిపించినట్టు 2015లో వెల్లడైంది. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే పశువులకు ఆ మందును నిషేధించింది. మంచి పనే. కానీ చచ్చిన పిల్లలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పే కాగితం సకాలంలో అందని రైతు, దుకాణంలో ఆ డబ్బా పక్కనున్న డబ్బా కొంటాడు.

కాబట్టి అలాంటి పిల్ల మెదడు, కీళ్ల నమూనాలకు జిల్లా కేంద్రంలోనే కల్చర్ (క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష), దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్ష చేసి మూడు రోజుల్లో ఫలితం ఇచ్చే ఏర్పాటు చేయించండి. జాతీయ పశుసంపద మిషన్ కింద 50 శాతం సబ్సిడీకి షెడ్డు చూడబోయే అధికారులు తల్లిపందులను లెక్కపెట్టినట్టే, పాలు మానిన పిల్లలకు ఈతలవారీగా వేరు గదులున్నాయా, ఖాళీ చేసి కడిగి ఆరబెట్టే వీలుందా అన్నదీ చూడాలి. ఇదే క్రిమి పందుల నుంచి మనుషులకూ సోకి, 2005లో చైనాలోని సిచువాన్‌లో 38 మందిని బలిగొంది. బతికినవారికి వినికిడి పోవచ్చు. చేతికి గాయంతో పందిని కోసే మనిషికి తొడుగులైనా ఇప్పించమని మనవి.

ఇట్లు,
ఒక పశువైద్యుడు,
చిత్తూరు జిల్లా.