కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంక్రాంతి, ఉగాది వేడుకల ఫొటోలు మీకు ఇదివరకే అందాయి కాబట్టి వాటి గురించి మళ్లీ రాయను. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఆదివారం తెలుగు తరగతి పిల్లలతో లండన్‌లోని లాంబెత్‌కు చేసిన యాత్ర.

అక్కడ థేమ్స్ ఒడ్డున, పాత సెయింట్ మేరీ చర్చి ఆవరణలో ట్రడెస్కాంట్ కుటుంబ సమాధి ఉంది. తండ్రీ కొడుకులిద్దరి పేరూ జాన్. ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ కొలువులో తోటల పని చూస్తూ, దేశదేశాల మొక్కలను, వింత వస్తువులను సేకరించారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1683లో తెరిచిన ఆష్మోలియన్ మ్యూజియానికి ఆ వస్తువులే మూలం. మన కుండీల్లో వేలాడే వెండిచారల ఊదా మొక్క ట్రడెస్కాంషియాకు ఆ పేరు వీరిదే. 1662లో కొడుకు చనిపోయాక భార్య హెస్టర్ ఈ సమాధి కట్టించింది. నాలుగు మూలలా రాతిచెట్లు, పక్కల మీద కూలిన స్తంభాలు, గవ్వలు, మొసలి, ఒక చివర కపాలం, ఏడు తలల సర్పం. మొసలిని చూసి ఒక పాప, “గజేంద్రుడి కాలు పట్టుకున్నది ఇదేనా?” అని తెలుగులోనే అడిగింది. తరగతులు నడుపుతున్నవారికి ఇంతకన్నా ఏం కావాలి!

ఎండావానలకు చెక్కడాలు అరిగిపోతే 1773లో చందాలు పోగుచేసి బాగుచేశారు. 1853లో పాత చిత్రాల ఆధారంగా మళ్లీ చెక్కించారు. 1972లో చర్చి మూతపడి, కూల్చివేత తప్పదనుకున్న సమయంలో, సమాధిని చూడవచ్చిన నికల్సన్ దంపతులు పూనుకుని 1977లో అక్కడే తోటల మ్యూజియం స్థాపించారు. పరాయివాళ్ల సమాధి కోసం అంతమంది కదిలారు. మన పిల్లల యాత్రకు పేర్లిచ్చిన పెద్దల్లో సగం మంది కూడా రాలేదు! అంతమంది పిల్లలను రోడ్డు దాటించడానికి మిగిలింది నలుగురమే. ఆ ముగ్గురికీ, తెల్లవారుజామున లేచి పులిహోర, పెరుగన్నం చేసిచ్చిన తల్లులకూ, బొమ్మలు గీయడానికి కాగితాలు, రంగులు తెచ్చిన సోదరుడికీ, మెట్లెక్కలేని పెద్దమ్మగారి చేయి విడవకుండా నడిచిన యువకులకూ కృతజ్ఞతలు.

హాలు అద్దె తగ్గించమని స్థానిక అధికారులకు రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు లేదు. నాలుగోది ఈ వారం పంపుతున్నాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సభలో పంచుతారు. ఆడిట్ పూర్తయింది, బాకీలేమీ లేవు.

వచ్చే వసంతంలో కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉన్న సి.పి. బ్రౌన్ సమాధికి పిల్లలను తీసుకువెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది. పదిమంది పెద్దలు కావాలి. నిజంగా రాగలిగినవారే సభ రోజున నాకు పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి