జీతంలో కోత గురించి నాన్నగారికి

స్టుట్‌గార్ట్

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. నేను ఇక్కడ జర్మనీలో క్షేమంగా ఉన్నాను. ఉద్యోగం యథావిధిగా సాగుతోంది, ఆ విషయంలో కొత్తగా రాయవలసింది ఏమీ లేదు. నా జీతపు చీటీలోని కోతల సంగతి తమ్ముడు చెప్పగా విని మీరు ఆ రాత్రి సరిగా భోజనం చేయలేదని అమ్మ ఫోనులో చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

పన్ను మాట అటుంచితే, సాంఘిక బీమా చందాల కింద నా జీతంలో ఐదో వంతుకు పైగా పోతున్న మాట నిజమే. అయితే తమ్ముడు చూసినది నా వంతు మాత్రమే. పింఛను చందా 18.6 శాతం, అందులో 9.3 నేను కడితే 9.3 కంపెనీ కడుతుంది. ఆరోగ్య బీమా 14.6 శాతం, దానిపై బీమా సంస్థ వేసే అదనపు చందా, నిరుద్యోగ బీమా 2.6 శాతం కూడా ఇలాగే చెరిసగం. నాకు జబ్బు చేస్తే ఆరు వారాల పాటు కంపెనీ పూర్తి జీతం ఇవ్వాలి, ఆపైన కూడా లేవలేకపోతే బీమా సంస్థ జీతంలో దాదాపు 70 శాతం వరకు ఇస్తుంది. కనుక పరాయి దేశంలో ఒంటరిగా మంచాన పడితే నా గతేమిటన్న దిగులు మీరు పెట్టుకోవద్దు.

పనిలో జరిగే ప్రమాదాలకు వేరే బీమా ఉంది, దాని చందా మొత్తం యజమానే కట్టాలి. 1884లో, ఇక్కడి ఛాన్సలర్ బిస్మార్క్ కాలంలో వచ్చిన చట్టం అది. దాని గురించి చదువుతుంటే మన లేతు షెడ్డులో పెద్ద మేస్త్రీ వేలు తెగిన రోజే కళ్ళ ముందు మెదిలింది. ఆసుపత్రి ఖర్చు మీరే భరించారు, ఆయన పనిలోకి రాని నెలలకు కూడా కూలి ఇచ్చారు, అందుకు అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. మీరు చేసినది ధర్మమే. కానీ ఆ మేస్త్రీ మీ దగ్గర కాక మరొకరి దగ్గర పనిచేస్తూ ఉంటే ఆ కుటుంబం ఏమై ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.

ఇక్కడ 1995 నుంచి, ఇతరుల సేవ లేనిదే గడవని స్థితి వచ్చినవారి కోసం, సంరక్షణ బీమా అని మరొకటి ఉంది. దీని చందా 3.6 శాతం, ఇందులోనూ సగం కంపెనీదే. పిల్లలు లేనివారు 23 ఏళ్ళు దాటితే మరో 0.6 శాతం తామే కట్టాలి. ఈ మాట వినగానే అమ్మ పెళ్ళి సంగతి ఎత్తుతుందని తెలుసు, దాని గురించి నేను వచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ఇంట్లో పెద్దవారికి సేవ చేసే కుటుంబ సభ్యుల పేరిట, కొన్ని నిబంధనలకు లోబడి, ఈ బీమాయే పింఛను చందా కూడా కడుతుంది. నాయనమ్మ మంచాన పడినప్పుడు ఏళ్ళ తరబడి అమ్మ చేసినది పనే అని, దానికి వృద్ధాప్యంలో ప్రతిఫలం దక్కాలని గుర్తించిన చట్టం ఒకటి లోకంలో ఉందని తెలిసిన నాడు నాకు దుఃఖం ఆగలేదు. అమ్మ నడుము నొప్పి ఇప్పుడు ఎలా ఉంది?

ఇక మీ సంగతి. సొంతంగా పని చేసుకునేవారికి ఇక్కడ కూడా కష్టమే. ఉద్యోగం మాని సొంత పని పెట్టుకున్న మన తెలుగు స్నేహితురాలు ఆరోగ్య చందా రెండు సగాలూ తానే కట్టుకుంటోంది. అలాంటివారిలో చాలామందికి పింఛను చందా తప్పనిసరి కూడా కాదు. మన దేశంలో పీఎఫ్ తప్పనిసరి కావాలంటే 20 మంది పనివారు ఉండాలి, ఈఎస్ఐ వైద్య బీమాకు పది మంది. మన అంబత్తూరు షెడ్డులో ఉన్నదే ముగ్గురు. యజమాని వంతు కట్టేవారు మీకు ఎవరూ లేరు. లేతు మిషనే నా పింఛను అని మీరు అంటారు, కానీ మీ చేతులు ఆడినన్నాళ్ళే అది ఆడుతుంది. కోపగించుకోకుండా ఎన్‌పీఎస్ పింఛను ఖాతా తెరవండి, యజమాని వంతు నేనూ తమ్ముడూ ప్రతి నెలా పంపుతాము. మా చదువులకు కట్టిన ఫీజులను మీరు ఎన్నడూ మా ముందు లెక్క చెప్పలేదు, మా దగ్గర కూడా లెక్క అడగవద్దు.

షెడ్డులోని కుర్రవాడికి ఇంకా నలభై రాలేదు, జీతం నెలకు 15,000 లోపే. కేంద్ర ప్రభుత్వ శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పథకంలో చేరితే వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కట్టాలి, అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది, అరవై నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను వస్తుంది. మేస్త్రీగారికి ఆ నలభై దాటింది కనుక ఆయనకూ, మీకూ కూడా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా తప్పక రాయించండి. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా రెండు లక్షలు ఇస్తారు.

తమ్ముడు ఉద్యోగం మారిన ప్రతిసారీ పీఎఫ్ తీసేసుకుంటానంటున్నాడు, ఒప్పుకోకండి. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం, జీతానికి ఉన్న పరిమితి మేరకు, పింఛను నిధికి వెళుతుంది. పదేళ్ళ సర్వీసు ఉంటేనే నెలనెలా పింఛను వస్తుంది. మధ్యలో ఆ సొమ్ము తీసుకుంటే అప్పటివరకు నడిచిన సంవత్సరాలు పోతాయి. పాత ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోమనండి.

చెన్నైలో నేను పీఎఫ్ కట్టిన సంవత్సరాలు కూడా వృథా కాలేదు. మన దేశానికీ జర్మనీకీ మధ్య 2017 మే 1 నుంచి అమలులో ఉన్న ఒప్పందం ప్రకారం పింఛను అర్హతకు రెండు చోట్ల సర్వీసునూ కలిపి లెక్కిస్తారు, ఏ దేశంలో పనిచేసిన కాలానికి ఆ దేశమే చెల్లిస్తుంది. అక్కడి నా పింఛను సర్వీసుకు రుజువైన పీఎఫ్ స్కీమ్ సర్టిఫికెట్ అమ్మ బీరువాలో, పై అరలో, నా డిగ్రీ పట్టాలున్న కవరులోనే ఉంటుంది. అసలు కాగితం పంపవద్దు, తమ్ముడి చేత రెండు వైపులా ఫోటో తీయించి పంపండి.

మీ కుమార్తె