ఆ శనివారపు హెచ్చరిక: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారాలతో,

కార్చిచ్చు హెచ్చరికలు మా భాషలోనూ అందించాలని మూడుసార్లు రాసినా బదులు రానందున ఈ లేఖను అందరి ఎదుటా ఉంచుతున్నాను.

2009 ఫిబ్రవరి 7న, మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీల ఎండ కాసిన ఆ శనివారం, ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో కార్చిచ్చులు 173 మందిని బలిగొన్నాయి. కిల్మోర్ ఈస్ట్ దగ్గర తెగిపడిన ఒక్క విద్యుత్ తీగ నుంచి రేగిన మంటే కింగ్‌లేక్ కొండలను చుట్టుముట్టి 119 ప్రాణాలు తీసింది. అక్కడివారికి సరైన హెచ్చరిక సకాలంలో అందలేదు. అదే రోజు బూడిదైన మేరీస్‌విల్ అనే ఊరు మళ్లీ లేచి నిలబడింది. అది అక్కడి మనుషుల గుండెనిబ్బరం. దాన్ని చూసి ఏర్పాట్లలో లోపాన్ని మరవకూడదు.

నేడు ఆ కొండల దిగువన మావంటి తెలుగు కుటుంబాలూ ఉంటున్నాయి. పిల్లల దగ్గరికి వచ్చిన మా అమ్మవంటి పెద్దలకు ఇంగ్లీషు హెచ్చరిక అర్థం కాదు. కనుక రానున్న వేసవికి ముందే, తెలుగుతో సహా వలస కుటుంబాల భాషల్లో ఫోన్లకు హెచ్చరికలు అందేలా ఉత్తర్వులు జారీచేసి, అమలు తేదీని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
మెల్‌బోర్న్ ఉత్తర శివారు వాసి