ఇంట్లో ఆక్సిజన్‌కు బీమా ఏదీ?

సంపాదకులకు,
సీఓపీడీ (ఊపిరి అందనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) రోగి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆక్సిజన్ ఖర్చు బీమా కంపెనీ భరిస్తుంది. ఇంటికి రాగానే చేతులెత్తేస్తుంది. నెబ్యులైజర్ (మందును ఆవిరిలా పీల్పించే పరికరం) కిట్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం), ఆస్పత్రి బయట వాడే ఆక్సిజన్ సిలిండర్ చాలా పాలసీల్లో ‘చెల్లించని వస్తువుల’ జాబితాలోనే ఉంటాయి. ఇంటి చికిత్సకు ‘డొమిసిలియరీ’ క్లాజు ఉందిగా అనుకుంటే, అందులోంచి ఆస్తమా, బ్రాంకైటిస్‌లను తరచూ మినహాయిస్తారు. వాడి పారేసే వస్తువుల ఖర్చు కోసం పాలసీకి అదనంగా తీసుకునే ‘కన్జ్యూమబుల్స్’ రైడర్ కూడా సాధారణంగా ఆస్పత్రిలో ఉన్న రోజులకే.

దీర్ఘకాల ఆక్సిజన్ అంటే రోజుకు కనీసం 15 గంటలు. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే 350 వాట్ల కాన్సన్‌ట్రేటర్‌కు నెలకు కరెంటు 150 యూనిట్లు దాటుతుంది. ఆ యంత్రం కొనలేని రోగి మళ్లీ ఐసీయూలో చేరితే అంతకు ఎన్నో రెట్లు చెల్లించేది ఆ కంపెనీయే! ఇదేం లెక్క?

డిశ్చార్జి సమ్మరీలో మామూలు గాలి పీల్చేటప్పుడు రక్తంలో ఉండే ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు ఇవ్వాలి అన్నవి డాక్టరుతో రాయించుకోవాలి. రెస్ప్యూల్స్ (నెబ్యులైజర్‌లో పోసే మందు) వంటి మందుల బిల్లు, పరికరాల బిల్లు వేర్వేరుగా తీసుకోవాలి. కలిపితే మందుల క్లెయిమూ చిక్కుల్లో పడుతుంది. పాలసీలో ఉన్న డిశ్చార్జి అనంతర గడువులోపు, తరచూ 60 రోజులు, మందుల బిల్లులు పంపాలి. తిరస్కరిస్తే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో పరిష్కారం కాకుంటే బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు.

డాక్టరు రాసిన కాన్సన్‌ట్రేటర్ అద్దెనైనా పాలసీల్లో తప్పనిసరి చేయాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని కోరుతున్నాం.

– పాఠకులు, హనుమకొండ