కోఠి రంగుల షాపులోని పెద్దాయనకు కృతజ్ఞతలు

యాభై దాటాక బొమ్మలు నేర్చుకుంటానంటే ఇంట్లో నవ్వారు. మీరు మాత్రం నవ్వలేదండీ. ఆదివారం క్లాసులో చేరేముందు మీ కౌంటర్ దగ్గర 24 రంగుల డబ్బా అడిగితే, "ఎరుపు, పసుపు, నీలం చాలమ్మా. మిగిలిన డబ్బుతో 300 జీఎస్ఎం మందపాటి పేపర్ తీస్కోండి. పల్చటిది నీళ్లు తగిలితే ఉబ్బిపోతది" అన్నారు. సరుకు అమ్మేవాళ్లు ఇలా చెప్పడం నేనెక్కడా చూడలేదు!

ఏడాదంతా నీటి రంగులు, మట్టి బొమ్మలు వరసగా నేర్పారు. మట్టి నాకు అబ్బలేదు, అది వదిలేయండి. గుడ్డ మీద కథలు గీసే చేర్యాల నకాషీ బొమ్మల దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పట్టుకుంది. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, జిగురు నీళ్లు, చింతగింజల గుజ్జు కలిపి పూత వేయాలి. క్లాసులో అందరికీ గుజ్జు ఉండలు కడుతోంది. షాపు మూసే వేళకు వచ్చి అడిగితే, షట్టర్ సగం దించి మరీ చెప్పారు. గింజలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, సన్నమంట మీద గరిటె ఆపకుండా ఉడికించి, పల్చటి బట్టలో వడకట్టమన్నారు. ఈసారి పూత నున్నగా ఆరింది. దాని మీద గీసిన నల్ల గీత ఎక్కడా పాకలేదు.

మీ పేరు అడగడానికి మొహమాటపడ్డాను. చాలా థాంక్సండీ. కొత్త బ్యాచ్‌లో మా చెల్లెలు చేరుతోంది, తననూ మీ దగ్గరికే పంపిస్తున్నా. పేపర్ రేటు మాత్రం కాస్త చూసి వేయండి.