కుళ్లు వాసన పువ్వు మొక్కను పారేయకండి

సంపాదకులకు,

తిరుపతి మిద్దెల మీద ఈమధ్య స్టపేలియా మొక్కలు కనిపిస్తున్నాయి. మొగ్గ విచ్చగానే చచ్చిన ఎలుక కంపు. మొక్క కుళ్లిందనుకుని చాలామంది కుండీతో సహా పారేస్తున్నారు. ఆ కంపు ఈగల కోసం. పువ్వును కుళ్లిన మాంసమనుకుని ఈగలు నడుమ తెల్లటి గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి వచ్చిన పురుగులు తిండి దొరక్క చస్తాయి, పాపం! ఈలోగా ఈగ కాలికో మూతికో జంట పుప్పొడి ముద్దలు తగులుకుని మరో పువ్వుకు చేరతాయి.

ఇది దక్షిణాఫ్రికా మొక్క. ముళ్లజెముడు కాదు, మన జిల్లేడు కుటుంబం. కాయలూ జంట కొమ్ముల్లా వచ్చి, పగిలితే దూది గింజలు ఎగురుతాయి.

కొత్త మొక్క కావాలంటే నాలుగంగుళాల కొమ్మను కణుపు దగ్గర తెంపి, వారం రోజులు నీడలో ఆరనివ్వాలి. ఎర్రమన్ను, ముతక ఇసుక, ఇటుక ముక్కలు సమంగా కలిపిన కుండీలో అంగుళం లోతున నాటి, మరో వారం నీళ్లు పోయకూడదు. పచ్చిగా నాటితే కోసినచోటే కుళ్లు పడుతుంది.

అసలు గండం మన అక్టోబరు, నవంబరు వానలు. మొదలు నల్లబడి మెత్తనైతే నీళ్లు పోసినా, ఎండబెట్టినా బతకదు. లోపల పచ్చగా కనిపించేదాకా పైకి కోసి, ఆ కొమ్మనే మళ్లీ నాటాలి. కుండీని వాన పడని చూరు కిందికి మార్చండి. మే ఎండకు కాడలు ఎర్రబడతాయి, అది రోగం కాదు. మధ్యాహ్నం కాస్త నీడ చాలు. ఎదుగుదల ఆగితే వేళ్లలో తెల్లటి పిండినల్లి ఉందేమో చూడాలి.

కంపు పడనివారు పువ్వున్న రెండు మూడు రోజులు కుండీని కిటికీకి దూరంగా పెడితే సరి. ఇలాంటిదే మన కొండరాళ్ల మధ్య పెరిగే కుందేటి కొమ్ములు. దాన్ని మాత్రం శేషాచలం నుంచి పెరికి తేవద్దు.

— మిద్దెతోటల పెంపకందారులు, తిరుపతి